కడప నుంచి కిట్జ్‌బ్యూల్‌కు: పాతకాలపు స్కీ ఊళ్లో కొండలు ఎట్లుంటాయి, కొత్తోళ్లకు పనికొస్తాయా?

పెన్నా_ఒడ్డు (కడప)

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాల. ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో ఉండే మా తమ్ముడి దగ్గరికి పోతాండాం. వాడు ఆస్ట్రియాలో కిట్జ్‌బ్యూల్ అనే ఊళ్లో నాలుగు రాత్రులకు గది తీసినాడు. నేను, మా ఇంటామె, పదకొండేళ్ల పిల్లోడు, అరవై ఆరేళ్ల మా నాయన. నాయనకు మోకాళ్ల నొప్పి, బీపీ ఉండాయి, ఆయన స్కీ జోలికి రాడు. మిగతా ముగ్గురం నేర్చుకోవాలని. ఎవరమూ మంచు చూసినోళ్లం కాదు.

స్కీ మ్యాపు తీస్తే నీలం, ఎరుపు, నలుపు గీతలు అల్లిబిల్లిగా ఉండాయి, ఏమీ ఎక్కలేదు. ఊరు 760 మీటర్ల ఎత్తులోనే ఉందంట. అంత కిందుంటే మంచు నిలుస్తాదా? టీవీలో చూపించే భయంకరమైన పోటీ జరిగేది కూడా ఈడనే అంటాండారు. అట్లాంటి కొండ మీద కొత్తోళ్లకు చోటుంటాదా? బూట్లు, బట్టలు ఏవి కొనాల, ఏవి బాడుగకు తీసుకోవాల? నాయన పైదాకా రావచ్చా? ఇంగొకటి, ఇంత ఖర్చు పెట్టే బదులు గుల్‌మర్గ్ పోయి నేర్చుకోండని మా బావ ఒకటే పోరు. తెలిసినోళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

గుత్తికోట_గాలి (అనంతపురం)

కొండ సంగతి నేను చెప్తా. బూట్ల సంగతి హంద్రీ అన్నకు వదిలేస్తా, ఆయన ఎట్లాగూ వస్తాడు.

ముందు ఎత్తు. మన హార్స్లీ హిల్స్ కంటే కూడా ఆ ఊరు బాగా కిందే, నిజమే. కానీ అది 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం. పైగా స్కీ చేసేది ఊళ్లో కాదు, ఊరికి అటూ ఇటూ ఉన్న కొండల మీద. ఒకపక్క హానెన్‌కామ్, 1,712 మీటర్లు. ఎదురుపక్క కిట్జ్‌బ్యూలర్ హార్న్, 1,996 మీటర్లు. ప్రతి 100 మీటర్లకు గాలి సుమారు 0.65 డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి ఊళ్లో 3 డిగ్రీల దగ్గర వాన పడుతుంటే హానెన్‌కామ్ పైన మైనస్ 3, అక్కడ పడేది మంచే. ఇది సగటు లెక్క. గాలి కదలని తేట రాత్రుల తర్వాత తలకిందులవుతుంది: చల్లగాలి లోయలోకి దిగి అక్కడే కూర్చుంటుంది, ఊళ్లో పొగమంచు కమ్మి ఉంటే పైన ఎండ కాస్తుంటుంది. అందుకని హోటల్ కిటికీలోంచి చూసి బట్టలు తగ్గించుకోవడమో, పైకి పోవడం మానుకోవడమో చేయొద్దు. లిఫ్టుల దగ్గర పైనున్న కెమెరాల బొమ్మ తెర మీద వస్తుంటుంది, అది చూడండి.

రెండో కారణం నేలలో ఉంది. అక్కడివాళ్లు ఆ కొండలను గడ్డి కొండలంటారు. మన ఎర్రమలలో మాదిరి బండలు, గుండ్లు తేలి ఉండవు, ఎండాకాలం ఆవులు మేసే పచ్చిక శిఖరం దాకా ఉంటుంది. గడ్డి మీద 20-30 సెంటీమీటర్ల మంచును యంత్రంతో తొక్కించి చదును చేస్తే స్కీ నడుస్తుంది. అదే రాళ్ల నేలయితే రాళ్లు మునగడానికే మీటరు దాకా కావాల. తక్కువ ఎత్తులో ఉండి కూడా కిట్జ్‌బ్యూల్ ఇన్నేళ్లు నిలబడింది ఈ పచ్చిక వల్లే. దీనికి తోడు కృత్రిమ మంచు. తడి బల్బు ఉష్ణోగ్రత (గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకునేది) మైనస్ 2, 3 డిగ్రీలకు దిగితే గొట్టాల ద్వారా నీళ్లు చిమ్మి మంచు చేస్తారు. అది సహజ మంచు కంటే బరువు, గట్టి, తొందరగా కరగదు. కాలికింద మాత్రం చెక్కలా తగులుతుంది, పడితే నొప్పి ఎక్కువ. దక్షిణం నుంచి ఫ్యోన్ అనే వేడిగాలి వీచిందంటే ఒక్క రాత్రిలో పది డిగ్రీలు పెరగొచ్చు, అప్పుడు కింది స్లోపులు ముద్దముద్ద అవుతాయి. దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఫ్రాన్స్‌లోని వాల్ తోరాన్స్ లాంటివి స్కీ కోసమే కట్టిన ఊళ్లు. 2,300 మీటర్ల ఎత్తులో, చెట్లు ఆగిపోయిన చోటికి పైన, ఖాళీ కొండ మీద ఎక్కడ లిఫ్టు, ఎక్కడ హోటల్ అని గీసుకుని కట్టినారు. తలుపు తీస్తే స్లోపు. కిట్జ్‌బ్యూల్ అట్లా కాదు. గనులు, పశువుల మీద బతికిన మధ్యయుగపు ఊరు. 1893లో ఫ్రాంజ్ రైష్ అనే ఆ ఊరి మనిషి నార్వే స్కీలు తెప్పించి హార్న్ కొండ దిగినాడు. 1928లో హానెన్‌కామ్‌కు కేబుల్ కారు వచ్చింది. అంటే ఊరు ముందు, స్కీ తర్వాత. అడవి కొట్టిన చోట, రైతుల బండ్ల దారి ఉన్న చోట, మేత బీడు ఉన్న చోట స్లోపులు పడినాయి. కొండ ఎట్లుంటే స్లోపు అట్లే. ఒకే స్లోపులో తేలిక ముక్క, నిటారు ముక్క, మళ్లీ చదును, సందు లాంటి దారి వరసగా వస్తాయి.

ఆ కొండ పక్కవాటం ఎట్లుంటుందో మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దాంతోనే తెలుస్తుంది. ఒకప్పుడు హిమానీనదం కోసిన లోయ అది. అడుగున ఊరి చుట్టూ మెల్లగా వాలిన మైదానాలు. మధ్యలో అడవి, లోయ గోడ, అక్కడే ఎక్కువ నిటారు. పైన మళ్లీ గుండ్రటి భుజాలు, వెడల్పాటి తేలిక వాలులు. అంటే కొత్తోళ్లకు చోటు అడుగునా ఉంది, పైనా ఉంది. మధ్యలోనే లేదు. చాలామంది ఇబ్బంది పడేది ఇందుకే: పైన భుజం మీద బాగా చేస్తారు, ధైర్యం వస్తుంది, సాయంత్రం ఊళ్లోకి స్కీ మీదే దిగుదామనుకుంటారు, నడుమ అడవిలో చిక్కుకుంటారు. ఆ వేళకు కాళ్లు అలసి ఉంటాయి, పగలంతా వందల మంది గీకి మంచు గుట్టలు గుట్టలుగా, వాటి నడుమ నున్నటి గట్టి పలకలుగా ఉంటుంది, ఊరికి దిగే అందరూ అదే సందులో ఉంటారు. మొదటి నాలుగు రోజులు గొండోలాలోనే (తాడు మీద నడిచే మూసిన పెట్టె లిఫ్టు) దిగండి. అందులో చిన్నతనమేమీ లేదు, దిగే టికెట్టు పాసులోనే కలిసి ఉంటుంది.

రంగుల సంగతి. ఆస్ట్రియాలో ఆకుపచ్చ ఉండదు, నీలంతోనే మొదలు. నీలం 25 శాతం వాలు దాకా, ఎరుపు 40 శాతం దాకా, అది దాటితే నలుపు, చిన్న చిన్న ముక్కలకు మినహాయింపు. 25 శాతమంటే సుమారు 14 డిగ్రీలు, 40 శాతమంటే 22. కాగితం మీద తక్కువే అనిపిస్తుంది, స్కీల మీద నిలబడితే తెలుస్తుంది. పాత ఊళ్లలో ఒక మోసం ఉంది: అడవిలో అడ్డంగా పోయే పాత బండి దారులకూ నీలం రంగే వేస్తారు, వాలు తక్కువ కాబట్టి. కానీ వెడల్పు నాలుగైదు మీటర్లే, ఒకపక్క గట్టు, ఇంకోపక్క పల్లం. కొత్తోళ్లు వేగం తగ్గించుకోవడానికి స్కీలను వెడల్పు చేయాల, మలుపు తిప్పాల. అక్కడ రెండింటికీ జాగా ఉండదు. వెడల్పాటి నీలం స్లోపులో బాగా చేసే మనిషి ఈ దారిలో గజగజలాడతాడు. రంగుతో పాటు వెడల్పు కూడా మాస్టారును అడగండి. నారింజ రంగు డైమండు గుర్తున్నవి స్కీ రూట్లు: మంచు చరియల నుంచి కాపాడతారు గానీ చదును చేయరు, గస్తీ ఉండదు. వాటి జోలికే పోవద్దు.

మీరన్న పోటీ పేరు హానెన్‌కామ్ రేసు, 1931 నుంచి ఉంది. పురుషుల డౌన్‌హిల్ జరిగే దారి ష్ట్రైఫ్: 1,665 మీటర్ల దగ్గర మొదలై 805 దగ్గర ముగుస్తుంది, పొడవు 3,312 మీటర్లు. మొదలుపెట్టిన కొద్ది క్షణాలకే మౌజెఫాలె అనే చోట వాలు 85 శాతం, అంటే 40 డిగ్రీల పైన. పోటీకి ముందు ఆ మంచులోకి నీళ్లు పట్టించి గడ్డ కట్టిస్తారు. పోటీ జనవరి చివర్లో అయిపోతుంది, ఫిబ్రవరిలో మీకు దాంతో పని లేదు. ఆ నిటారు ముక్కలను తప్పించి పక్కనుంచి దిగే ఫ్యామిలీ దారి ఒకటుంది, అదీ ఎరుపే. పేరు చూసి పిల్లోణ్ణి తీసుకుపోవద్దు.

వేళ విషయానికొస్తే, హార్న్ వైపు ఎండ బాగా తగులుతుంది. ఫిబ్రవరి చివర్లో ఎండ రోజైతే మధ్యాహ్నానికి అక్కడ మంచు మెత్తబడుతుంది, రాత్రి మళ్లీ గడ్డ కడుతుంది, పొద్దున తొమ్మిదికి అద్దంలా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు ఆ అద్దం కంటే పదిన్నర తర్వాతి మెత్తదనమే మేలు.

---

హంద్రీ_గట్టు (కర్నూలు)

కొండ వివరం గుత్తి తమ్ముడు బాగా చెప్పినాడు. ఒక్కటి కలపాల: ఫిబ్రవరిలో మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో బడులకు కార్నివాల్ వారం సెలవులుంటాయి, మ్యూనిక్ జనం సగం ఆల్ప్స్‌లోనే ఉంటారు. ఆస్ట్రియా బడుల సెలవులు కూడా ఆ నెలలోనే పడతాయి. మీ తేదీలు వాటిలో పడితే స్కీ స్కూలు, సామాను బాడుగ రెండూ ఇప్పుడే ఆన్‌లైన్‌లో పెట్టేయండి. గుంపు తరగతులు మామూలుగా ఆదివారమో సోమవారమో మొదలవుతాయి. మీరు బుధవారం దిగితే నడిమధ్యలో చేరాల్సొస్తుంది, ముందే కనుక్కోండి.

కొనాల్సినవి: సన్నటి స్కీ సాక్సు మనిషికి రెండు జతలు, థర్మల్స్ రెండు జతలు, నీళ్లు దిగని చేతి తొడుగులు, మెడకు ఫ్లీస్ గొట్టం, సన్‌స్క్రీన్, పెదాలకు బామ్. నీళ్లు దిగని ప్యాంటు, జాకెట్ బెంగళూరులో క్రీడా సామాను కొట్లలో దొరుకుతాయి. బాడుగకు తీసుకోవాల్సినవి: స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్. మన ఊరి ఊలు స్వెటరు, జీన్సు ప్యాంటు వేసుకుని మంచులో పడితే గంటలో తడిసి గట్టిపడుతుంది. కాటన్ బనీను కూడా వద్దు, చెమట పట్టి ఆరదు, లిఫ్టులో కూర్చోగానే వణుకు పుడుతుంది. గాగుల్స్ సొంతవి కొనుక్కోండి. మబ్బు రోజు అక్కడ నేల, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోయి ముందున్న గుంట కనబడదు. నల్లటి అద్దం ఆ రోజు పనికిరాదు, పసుపు లేదా గులాబీ ఛాయ కావాల.

అన్నిట్లో బూటే ముఖ్యం. స్కీ బాగాలేకపోయినా నేర్చుకోవచ్చు, బూటు బాగాలేకపోతే పది గంటలకే హోటల్ దారి పడతారు. సైజు పాదం పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది. గోడకు మడమ ఆనించి నిలబడి బొటనవేలి దాకా కొలవండి, రెండు పాదాలూ. 26 వస్తే 26 బూటే. కొట్టువాడు వదులుగా ఉందని 27 ఇస్తే హాయిగా అనిపిస్తుంది, వద్దు. కాలు లోపల జారితే స్కీ మాట వినదు, గోళ్లు నల్లబడతాయి. సరైన బూటు ఎట్లుంటుందంటే: నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగులుతాయి, మోకాళ్లు వంచి ముందుకు ఒరిగితే వెనక్కి జరుగుతాయి, మడమ మాత్రం పైకి లేవదు.

వేసుకునే పద్ధతి: ఒకే ఒక జత సాక్సు. చలికి భయపడి రెండు జతలు వేస్తే రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు, మడత పడితే ముంగాలి ఎముక మీద గంటలో వాత తేలుతుంది. మడమను నేలకు రెండు మూడుసార్లు కొట్టి వెనక్కి దింపండి. ముందు పైనున్న రెండు బకిల్స్ బిగించండి, పాదం మీది కింది రెండూ ఊరికే పట్టుకునేంత చాలు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే నూటికి తొంభై సార్లు కింది బకిల్స్ ఎక్కువ బిగించినందువల్లే. లిఫ్టు క్యూలో పైవి వదులు చేసుకోండి, దిగే ముందు మళ్లీ బిగించండి.

బైండింగు అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, పడినప్పుడు తనంతట తానే వదలాల. ఎంత బలానికి వదలాలన్నది మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీకెంత వచ్చు అన్న ఐదింటిని బట్టి కొట్టువాడు పెడతాడు. ఇక్కడ మనోళ్లు చేసే తప్పు రెండు రకాలు: బరువు తక్కువ చెప్పడం, కొంచెం వచ్చని చెప్పడం. బరువు తక్కువ చెప్తే ఊరకే ఊడిపోతుంది. వచ్చని చెప్తే బిగుతు పెరిగి, పడినప్పుడు వదలదు, మోకాలు తిరుగుతుంది. అసలేమీ రాదని, ఉన్న బరువు ఉన్నట్టు చెప్పండి. పిల్లోడికి కొలతలు అక్కడే తీయమనండి, నీ స్కీలు వాడికి పెట్టి చూడొద్దు. స్కీ నిలబెడితే గడ్డం దాకా వస్తే చాలు, 170 సెంటీమీటర్ల మనిషికి 150-155.

ఎక్కేటప్పుడు బూటు అడుగున అంటిన మంచు స్కీ అంచుకు గీకేయండి. మంచు మిగిలితే మడమ టక్కుమని పడదు, పడినట్టనిపించినా నాలుగడుగులకు ఊడుతుంది. వాలులో ఊడితే స్కీలు అడ్డంగా పెట్టి, ముందు కిందివైపు కాలిది ఎక్కించుకోవాల.

మొదటి రోజు కర్రలు లేకుండా, లోయ అడుగున, నడిచే పట్టీ మీద ఎక్కి దిగడమే. నేర్పేది స్నోప్లవ్: ముందు కొనలు ఒక జానెడు ఎడం, వెనక కొనలు వెడల్పు. మడమలు బయటికి తోస్తే వేగం తగ్గుతుంది. కుడికి తిరగాలంటే బరువు ఎడమ కాలి మీద వేయాల, ఎడమకైతే కుడి కాలి మీద. భయమేస్తే మనిషి వెనక్కి వాలతాడు, అది సహజం, అదే అసలు తప్పు కూడా. వెనక్కి వాలితే ముందు కొనలు తేలిక పడి పట్టు పోతుంది, వేగం పెరుగుతుంది, భయం పెరుగుతుంది, ఇంకా వెనక్కి వాలతాడు. ముంగాలి ఎముక బూటు నాలుకను నొక్కుతుందో లేదో చూసుకోవడం ఒక్కటే గుర్తు. ఇంక ఆపలేననిపిస్తే పక్కకు, పిర్ర మీద కూర్చున్నట్టు పడిపోండి, చేతులు ముందుంచండి. లేవడానికి రెండు స్కీలూ మీ కిందివైపుకు తెచ్చి, వాలుకు అడ్డంగా పెట్టి, అప్పుడు లేవండి. స్కీ కొనలు కిందికి చూస్తుండగా లేస్తే లేచీ లేవకముందే బయల్దేరుతారు.

కాళ్లకు ఇప్పటి నుంచే పని చెప్పండి. ఎక్కడం కాదు, దిగడం. స్కీలో తొడ కండరం పొద్దంతా వంగి బరువు ఆపుతూ ఉంటుంది, మెట్లు దిగేటప్పుడు జరిగేదీ అదే. అహోబిలంలో ఉగ్రస్తంభం దారి రెండు వారాలకొకసారి, మిగతా రోజుల్లో ఇంట్లో గోడకు వీపు ఆనించి కుర్చీ మాదిరి కూర్చోవడం, నిమిషం చొప్పున నాలుగుసార్లు. ఆరు వారాలు చేస్తే రెండో రోజు మెట్లు దిగలేక ఏడ్చే బాధ తప్పుతుంది.

---

పెన్నా_ఒడ్డు (కడప)

అన్నా, బ్రహ్మాండం. తేదీలు చూసుకుంటే సెలవుల వారంలోనే పడినాయి, స్కూలు ఈ రోజే పెట్టించేస్తా. నాయన సంగతి, గుల్‌మర్గ్ సంగతి ఎవరైనా చెప్పండి. మా బావ ఊరుకోడు.

---

పాపాఘ్ని (కడప)

మీ బావ మాట పూర్తిగా కొట్టిపారేయొద్దు, గుల్‌మర్గ్‌కు పేరు ఊరికే రాలేదు. కానీ ఆ కొండ స్వభావం వేరు.

గుల్‌మర్గ్ మైదానమే 2,650 మీటర్ల దగ్గరుంది. గొండోలా రెండు దశలు: మొదటిది కొంగ్‌డూరి దాకా, సుమారు 3,100 మీటర్లు. 1998లో మొదలైంది. రెండోది అఫర్వట్ కొండ భుజం దాకా, సుమారు 3,950. అది 2005లో వచ్చింది. మొదటి దశ అడవిలోంచి పోతుంది. రెండో దశలో చెట్టు లేదు, చదును చేసిన దారి లేదు, అంతా పడిన మంచు పడినట్టే ఉంటుంది. ప్రపంచం నలుమూలల నుంచి స్కీయర్లు వచ్చేది ఆ వదులు మంచు కోసమే. కొత్తోళ్లకు అక్కడ పనే లేదు. కొత్తోళ్లకున్నది కింద మైదానపు అంచుల్లో చిన్న వాలులు, చిన్న లిఫ్టులు. నేర్చుకోవడానికి అవి చాలు, మొదటి మూడు రోజులకు కిట్జ్‌బ్యూల్ అడుగున ఉన్న వాటికేమీ తీసిపోవు. తేడా నాలుగో రోజు తెలుస్తుంది. యూరప్ పాత ఊళ్లో చిన్న వాలు తర్వాత నీలం, దాని తర్వాత తేలిక ఎరుపు అని మెట్లు మెట్లుగా ఉంటుంది. గుల్‌మర్గ్‌లో మైదానం తర్వాత ఎకాఎకిన పెద్ద కొండే. నడుమ మెట్లు బాగా తక్కువ.

నేర్చుకోవడానికి అక్కడ కేంద్ర పర్యాటక శాఖ కింద ఐఐఎస్ఎమ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్) అనే సంస్థ ఉంది, బస, భోజనం, సామానుతో కలిపి కోర్సులు నడుపుతుంది. మీ వాడికి డిగ్రీకొచ్చాక అదే మంచి దారి. రోజువారీగా మైదానంలో దొరికే గైడ్లలో బాగా వచ్చినవాళ్లూ ఉంటారు, చెయ్యి పట్టి లాగడమే నేర్పడమనుకునేవాళ్లూ ఉంటారు. గుర్తింపు కార్డు అడగండి, సామాను ముందే చూడండి. స్కీ అంచు తుప్పు పట్టి గుండ్రంగా అరిగిపోయి ఉంటే గట్టి మంచులో పట్టదు, వేరేది ఇమ్మనండి.

మంచు ఎప్పుడు? చిల్లై కలాన్ అని డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు కాశ్మీర్‌లో గట్టి చలి. స్కీకి జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మేలు. అయినా 2024 జనవరిలో చాలా రోజులు మంచే లేక మైదానం గోధుమ రంగులో ఉండిపోయింది, ఫిబ్రవరిలో ఒక్కసారిగా పడింది. అదే ఫిబ్రవరిలో ఖిలన్‌మర్గ్ వైపు మంచు చరియ విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ ప్రాణం పోయింది. పెద్ద మంచు పడ్డాక పైనున్న రెండో దశ తెరవకుండా గస్తీవాళ్లు ముందు చరియలను పేల్చి దింపుతారు, అందుకు రోజులు పట్టొచ్చు. గాలి ఎక్కువైనా ఆపేస్తారు. కాబట్టి టికెట్టు ఉంది కదా అని గొడవ పడేవాళ్లను చూసి మీరూ కలవకండి.

చిన్న చిన్నవి: మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకుపోవాల. మంచు పడిన రోజు టంగ్‌మర్గ్ నుంచి పైకి గొలుసులు కట్టిన బండ్లే పోనిస్తారు. గదిలో బుఖారీ అనే కట్టెల పొయ్యి ఉంటే రాత్రి కిటికీ కొంచెం తెరిచి పెట్టుకోవాల.

నాయనకైతే కిట్జ్‌బ్యూలే మేలు. హానెన్‌కామ్ పైన 1,700 మీటర్లే కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు కూడా ఎత్తు పెద్ద ఇబ్బంది కాదు, ఆయన మందులు మానకపోతే చాలు. గుల్‌మర్గ్ రెండో దశలో పదీ పదిహేను నిమిషాల్లో 3,950కి తీసుకుపోయి దింపుతారు. అరవై ఆరేళ్ల గుండెకు ఆ ఎత్తు, ఆ చలి ఒకేసారి మంచిది కాదు. డాక్టరును అడగకుండా ఎక్కించొద్దు.

ఉత్తరాఖండ్‌లోని ఔలి గురించి కూడా మీ బావ రేపు ఎత్తుకుంటాడు కాబట్టి ఒక మాట: స్లోపు బాగుంటుంది, నందాదేవి ఎదురుగా కనిపిస్తుంది, 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు అక్కడ జరిగినాయి. కానీ 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు పైకిపోయే రోప్‌వేను ఆపేసినారు, ఇప్పుడు ఎట్లుందో పోయే ముందు కనుక్కోవాల. మంచు కూడా ఏడాదికి ఒక తీరు.

---

గుత్తికోట_గాలి (అనంతపురం)

నడుమ మెట్లు బాగా తక్కువన్న పాపాఘ్ని అన్న మాటతో కొంచెం తేడా ఉంది నాకు. గుల్‌మర్గ్ మొదటి దశ కింద అడవిలోంచి దిగే దారిని చదును చేస్తారు, ఓ వారం నేర్చుకున్న మనిషి గైడుతో దిగొచ్చు. నాలుగు రోజుల మనిషికి మాత్రం అన్న చెప్పిందే నిజం.

నాయనకు కిట్జ్‌బ్యూల్‌లో పాదచారుల టికెట్టు విడిగా దొరుకుతుంది. హానెన్‌కామ్ గొండోలాలో పైకి పోయి, అక్కడ భోజనశాలలో కూర్చోవచ్చు, పాత కేబుల్ కారు సామాను పెట్టిన చిన్న మ్యూజియం ఉంది, అది చూడొచ్చు. నడకకు తొక్కించిన దారులు వేరే ఉంటాయి, స్లోపు అంచున నడవడం మాత్రం వద్దు. చెప్పులకు, మామూలు షూకి మంచు మీద పట్టు ఉండదు. షూ కింద తగిలించే ముళ్ల పట్టీలు అక్కడి కొట్లలో దొరుకుతాయి, మొదటి రోజే కొనివ్వండి. మోకాలు నొప్పి మనిషికి ఊరి గడ్డకట్టిన వీధుల్లోనే ఎక్కువ ప్రమాదం, కొండ మీద కాదు. శాకాహారి అయితే సూపు అడిగేటప్పుడు జాగ్రత్త, కూరగాయలు తేలుతున్నా ఎముకల రసం మీదే చేసి ఉంటారు. ఉగ్గాని, బజ్జీ మీద మనసు పోతే మ్యూనిక్ చేరేదాకా ఆగాల్సిందే.

లిఫ్టుల్లో తడబడేది బటన్ లిఫ్టు దగ్గర. ఆ గుండ్రటి పళ్లెం కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడే ఉండాల, కూర్చోకూడదు. కూర్చుంటే తాడు సాగి వెనక్కి పడేస్తుంది. పడితే కర్ర వదిలేసి వెంటనే పక్కకు దొర్లండి, వెనక వచ్చేవాడు అదే దారిలో ఉంటాడు. చెయిర్‌లిఫ్టులో కూర్చునే ముందు బ్యాగు పట్టీలు భుజాల నుంచి తీసి ఒళ్లో పెట్టుకోండి. పట్టీ కుర్చీకి చిక్కితే దిగేచోట మనిషి వేలాడతాడు. దిగగానే ఆగి ఫోటో తీయొద్దు, నేరుగా పది మీటర్లు పోయి పక్కకు తప్పుకోండి.

స్లోపులో ముందున్నవాడిదే హక్కు, వెనక నుంచి వచ్చేవాడే తప్పుకోవాల. ఆగాలంటే అంచున ఆగండి, పై నుంచి కనబడని గుట్ట కింద, సందులో వద్దు. నాలుగు, నాలుగున్నరకు లిఫ్టులు మూసేస్తారు. ఆ తర్వాత స్లోపు మీద కాలు పెట్టొద్దు, బల్ల మీద జారడానికి కూడా. చదును చేసే యంత్రాలు నిటారు వాలుల్లో పైన ఒక గూటానికి ఉక్కు తాడు కట్టుకుని పనిచేస్తాయి. వందల మీటర్ల పొడవున్న ఆ తాడు మంచులో కనబడదు, ఒక్కసారిగా బిగిసి పైకి లేస్తుంది.

వీసాకు తీసుకునే ప్రయాణ బీమాలో చాలావాటికి స్కీ వర్తించదు. పాలసీ కాగితంలో శీతాకాల క్రీడలు అనే పదం వెతకండి, మినహాయింపుల్లో ఉంటే అదనపు ప్రీమియం కట్టి కలిపించుకోండి. హెలికాప్టర్‌తో దింపే ఖర్చు కూడా అందులో రావాల, కాలు విరిగితే వాళ్లు అడిగేది ఆ బిల్లే.

మ్యూనిక్ నుంచి రైలైతే వోర్గ్ల్‌లో మారాల, రెండు, రెండున్నర గంటల దారి. కిట్జ్‌బ్యూల్ పేరుతో ఒకటి కంటే ఎక్కువ స్టేషన్లున్నాయి. హానెన్‌కామ్ అని పేరున్న స్టేషన్ గొండోలా పక్కనే, కానీ అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, ప్రాంతీయ రైళ్లయితే ఆగుతాయి. గది ఏ స్టేషన్‌కు దగ్గరో తమ్ముణ్ణి అడిగి టికెట్టు తీయమనండి, నాయనతో సామాను మోసుకుంటూ మంచులో నడిచే పని లేకుండా.